కోత పండుగ ఒక్కరోజేనా?



'ఆరోగ్యమే మహాభాగ్యం' అని చిన్నప్పటి నుండి చదువుకుంటున్నాం. ఆ భాగ్యం పేదవాడి కంచంలోకి ఎలా వస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ విషయమే ఇక్కడ నాలుగు మాటల్లో రాయదలిచాం.

మా పట్టిసీమ గోదావరి ఒడ్డునే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరిచేలతో నిండింది. 2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల పథకం 24 పంపులతో గోదావరి నీటిని కృష్ణకు చేర్చింది. నీటికి కొదవ లేదు, బియ్యానికీ కొదవ లేదు. మరి అన్నంలోకి కూర? పెరడు లేని కూలి ఇంట్లో తోటకూర కట్ట కూడా కొనుక్కోవలసిందే. పని దొరకని రోజు పచ్చడి మెతుకులే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. వారిలో మా అమ్మలు, అక్కలు, చెల్లెళ్లు ఉన్నారు.

మన పల్లెల్లోని చర్చిలలో కోత పండుగ అందరికీ తెలిసిందే. గుమ్మడికాయలు, ఆనపకాయలు, అరటి గెలలు, కోళ్లు, ధాన్యం తెచ్చి దేవుని ముందు పెడతారు. తరువాత వేలం వేస్తారు. పాట పెంచగలిగినవారు కాయలు పట్టుకెళ్తారు, సొమ్ము చర్చికి చేరుతుంది. అందులో తప్పు లేదు. కాని మర్నాటి నుండి చర్చి ఆవరణలోని ఖాళీ స్థలం మళ్లీ పిచ్చిమొక్కల పాలే! ఆ స్థలంలో ఊరందరి కోసం కూరగాయల తోట వేస్తే ఎలా ఉంటుంది? రూతు పరిగె ఏరుకుని అత్తను పోషించిన కథ చర్చిలో విన్నదే. పొలం అంచులు పేదలకు విడిచిపెట్టమన్న ధర్మం చర్చి స్థలానికి మాత్రం వర్తించదా?

ఇది జరిగే పనేనా అని కొందరు అడగవచ్చు. అమెరికాలోని నార్త్ కరోలినాలో కనీటా అనే చిన్న ఊరుంది. అక్కడి పాస్టరు రిచర్డ్ జాయ్నర్ తన సంఘంలో ఎందరో నివారించదగిన జబ్బులతో చిన్న వయసులోనే చనిపోవడం చూసి, పిల్లలతో కలిసి తోట మొదలుపెట్టారు. 2015లో సి.ఎన్.ఎన్. ఆయనను తన హీరోలలో ఒకరిగా ఎంపిక చేసింది. ఆయనది పరుల భూమిని పాలుకు సాగు చేసిన కుటుంబం. ఒకప్పుడు ఆయనకూ వ్యవసాయం అంటే గిట్టేది కాదు.

ఆ మాట మాకు బాగా అర్థమవుతుంది. మట్టి పని తప్పాలనే మా అమ్మానాన్నలు మమ్మల్ని హాస్టల్లో చేర్చారు. మళ్లీ పార పట్టమంటారా అని మాలోనే కొందరు అడిగారు. పరుల చేలో కూలికి నడుం వంచడం వేరు, మన కంచం కోసం మనం విత్తు నాటుకోవడం వేరు అన్నదే మా సమాధానం.

పెద్ద ఖర్చు లేదు. తోటకూర నెల రోజుల్లో కోతకు వస్తుంది. గోంగూర, బచ్చలి, మునగ, బొప్పాయి చాలు. చేతులు కడిగిన నీరు అరటి పాదుకు పోతుంది. ఆకుకూరలో నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఒక్క నియమం మాత్రం ఉండాలి. ఈ పంటకు వేలం వద్దు. గర్భిణులకు, బాలింతలకు, వృద్ధులకు ముందు ఇవ్వాలి. ఏ మతం, ఏ పేట అని అడగకూడదు. ఆకలితో వచ్చిన వారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి సీమ మనది.

సంఘ పెద్దలు, పాస్టరుగార్లు ఆలోచించాలని మా విన్నపం. గుడికి, బడికి ఖాళీ స్థలం ఉంటే వారికీ ఇదే మనవి. ఒకరికి చెప్పే ముందు మనం చేయాలి కదా! అందుకే మా హాస్టల్ వెనుక స్థలంలో తొలి మడి మేమే కడతాం.