శస్త్రమునకు దీపము

చెరకు కొట్టుట యెట్లో వర్ని ప్రాంతపు రైతునకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. నడుము వంచి, కత్తి నేలను తాకునట్లు మొదలంట నరకవలెను. ఎంత మొదలంట నరికినను భూమిలో మోడు మిగులును. ఆ మోడునుండి పిలకలు లేచి మరుసటి యేడు కార్శి పంట చేతికి వచ్చును. నిజాంసాగరు కాలువల క్రింద ఈ సీమ బ్రదికిన బ్రదుకులో కొంత భాగము ఈ కార్శి ధర్మముమీదనే నడచినది. 2015 డిసెంబరులో బోధను చక్కెర కర్మాగారము మూతపడుటతో ఆ బ్రదుకునకు పెద్దదెబ్బ తగిలెను గాని, మోడు మిగిలినది మరల చిగిర్చునను తెలివి మాత్రము రైతును విడువలేదు. చెరకునకు లాభకరమైన యీ ధర్మమే మనుష్యదేహమున రాచపుండునకు పట్టినపుడు ప్రాణాంతకమగుచున్నది.

క్యాన్సరు గడ్డను కోయు శస్త్రవైద్యుడు దానిచుట్టు కొంత మంచి కండను గూడ కలిపి తీయును. ఎంత తీయవలెనన్నదే ప్రశ్న. తక్కువైనచో మోడు మిగులును. ఎక్కువైనచో, అది నాలుకయైన మాట పోవును, మెదడైన కాలుసేతులు పడిపోవును. కంటికి కనబడినంత, వ్రేలికి తగిలినంతయే ఆతనికి ఆధారము. తీసిన ముక్కను ప్రయోగశాలకు పంపిన పిమ్మట, దాని యంచున రోగకణములున్నవో లేవో తేలుటకు దినములు పట్టును. ఉన్నవని తేలినచో, కుట్లు మానకముందే రోగి మరల బల్లయెక్కవలెను. స్తనమును నిలిపి గడ్డను మాత్రము తీయించుకొన్న స్త్రీలలో ఇంచుమించు ఐదుగురిలో నొకతెకు ఇట్టి రెండవకోత తప్పలేదని ఇంగ్లండు దేశమున 2012లో ప్రకటింపబడిన లెక్క తెలుపుచున్నది. సకల సౌకర్యములుగల దేశములోనే యిట్లున్నది.

రెండవకోత యనగా ఏమో మన జిల్లా కండ్లతో చూడవలెను. నిజామాబాదునుండి హైదరాబాదునకు సుమారు 175 కిలోమీటర్లు; వర్ని వారికి ముందుగా నిజామాబాదు చేరు దారి వేరు. 1955లో వెలసి, పేదలకు పెద్దదిక్కయిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆస్పత్రి రాజధానిలో రెడ్ హిల్స్‌నందున్నది. బీడీలు చుట్టి దినము గడుపుకొను నొక యిల్లాలు అచ్చటికి పోవలెనన్న తోడుగా మరియొకరు పోవలెను. ఇద్దరి కూలియు పోవును. ఇంట పిల్లలను పొరుగువారు చూడవలెను. ఇంతకు తెగించి యొకసారి పోయివచ్చిన మనిషితో, “అమ్మా, అంచున మిగిలినది, మరల రావలెను” అని చెప్పినచో ఆమె వచ్చునని నమ్మకమేమి? రాకుండుట అజ్ఞానమని తీర్పుచెప్పు పెద్దలను మేమెరుగుదుము. అది చాలమట్టుకు బస్సుచార్జీ.

కావుననే, కోయుచున్న సమయముననే రోగకణమును వెలుగున పట్టి చూపు విద్యను గూర్చి మా పాఠకులకు విన్నవించుట అవసరమని తలచితిమి. ఈ తలంపు క్రొత్తది కాదు. మనకు స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే అమెరికాయందు జార్జి మూర్ అను వైద్యుడు ఫ్లోరసీన్ అను రంగుమందు నెక్కించి, తగిన వెలుతురున రోగపు కండ మెరయుటను గమనించి ప్రకటించెను. నేడు మెదడుగడ్డలకు వాడుచున్న అమినోలెవులినికామ్లమను మందును రోగి కోతకు కొన్ని గంటల ముందు త్రాగును. రోగకణము దానిని తనలో పార్ఫిరిన్ అను పదార్థముగా మార్చి నిలువజేసికొనును. నీలికాంతి పడినపుడు ఆ కణములు ఎర్రగా వెలుగును. చుట్టునున్న మంచి మెదడు వెలుగదు. 2006లో జర్మనీ దేశీయులు ప్రకటించిన పరీక్షయందు, సాధారణ దీపముక్రింద నూటికి 36 మందికి మాత్రమే గడ్డ పూర్తిగా తీయగల్గగా, ఈ వెలుగున 65 మందికి తీయగల్గిరి.

మరియొక మందు కథ తెలుగువారికి మరింత దగ్గరిది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపునందుకొని, శస్త్రశాలకు ఖద్దరు దుస్తులతో పోయెను. శస్త్రశాస్త్రమును బోధించు ఆంగ్లాచార్యునకు కోపము వచ్చెను. తక్కిన విషయములలో నెంత నేర్పరియైనను ఆయనకు ఎం.బి.బి.యస్. పట్టము దక్కలేదు, తక్కువదైన ఎల్.ఎం.యస్.తో తృప్తిపడవలసివచ్చెను. ఆ మనుజుడే అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధకబృందమునకు నాయకుడై, తన సోదరుని బలిగొన్న సంగ్రహణికి మందగు ఫోలికామ్లమును 1945 నాటికి కృత్రిమముగా తయారుచేయించెను. అదే బృందము కల్పించిన ప్రతిద్రవ్యములతో 1948లో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్తపు క్యాన్సరును తాత్కాలికముగనైన వెనుకకు నెట్టగలిగెను. ఆ యేటనే సుబ్బారావు పరదేశమున కన్నుమూసెను.

ఇప్పుడు చూడుడు. కొన్ని జాతుల రోగకణములు, ముఖ్యముగా అండాశయపు క్యాన్సరునందలివి, ఫోలికామ్లమునకై మితిమీరి ఆకలిగొనియుండును. దానిని పట్టుకొను కొక్కెములు వాటి పైపొరపై దట్టముగా మొలచియుండును. ఈ యాకలినే ఎరగా చేసికొని, ఫోలికామ్లమువంటి యణువునకు రంగునంటించి రక్తములోనికి పంపినచో, ఆ రంగు పోయి రోగకణమునే చేరును. అది మన కంటికి కనబడని, ఎరుపునకు ఆవలి కాంతిని విడుచును. ప్రత్యేకమైన కెమెరా దానిని తెరపై చూపును. పాఫోలాసయనిన్ అను ఈ మందును అమెరికా ప్రభుత్వము 2021 నవంబరులో అండాశయమునకును, 2022 డిసెంబరులో ఊపిరితిత్తులకును అంగీకరించినది. అండాశయపు రోగులపై జరిగిన పరీక్షయందు 109 మందిలో మూడవవంతు స్త్రీలకు, కన్నును చేయియు కనిపెట్టలేని రోగపు ముక్క ఈ వెలుగున బయటపడినది. ఖద్దరు తొడిగినందులకు శస్త్రశాలలో చిన్నబుచ్చబడిన తెలుగువాని యణువు నేడు ఆ శస్త్రశాలకే దీపమైనది! ఇది మా అభిమానపు మాటయని యెవరైన నన్నచో కాదనము; అభిమానమునకు తగిన కారణమున్నదని మాత్రము మనవిచేయుదుము.

అయినను, పాఠకులను మభ్యపెట్టుట మా పని కాదు. దీపములన్నియు సమానముగా వెలుగవు. మెదడుగడ్డల పరీక్షలో రోగము ముదురుట ఆలస్యమైనది గాని, మొత్తముమీద ఆయుర్దాయము పెరిగినట్లు తేలలేదు. 2024లో స్తనపు క్యాన్సరునకై అమెరికాయందు అనుమతి పొందిన మందు, 357 మంది స్త్రీలలో 27 మందికి, కోత ముగిసినదనుకొన్న తరువాత మిగిలియున్న రోగమును పట్టియిచ్చినది. అది మేలే. కాని మిగిలిన రోగమున్న అంచులలో ఇంచుమించు సగమును అదియు పట్టలేకపోయినది. కొందరికి ఆ మందు పడక ప్రాణాపాయ మేర్పడుటచే కఠినమైన హెచ్చరికతో దానిని అమ్మవలసియున్నది. మన దేశపు మగవారిని ఎక్కువగా పీడించు నోటి క్యాన్సరు మాట మరియు విచారకరము: కండ సహజకాంతిని జూచి కోతహద్దు నిర్ణయించు పద్ధతిని కెనడావారు పెద్దయెత్తున పరీక్షించి, రోగము మరల వచ్చుట దానివలన తగ్గలేదని 2020లో ప్రకటించిరి. కావున “మా ఆస్పత్రిలో వెలుగు యంత్రమున్నది” అని రహదారి పలకపై వ్రాసినంత మాత్రమున ఇంటిపుస్తెలు తాకట్టుపెట్టి పరుగెత్తవలసిన పనిలేదు. ఏ గడ్డకు, ఏ మందు, ఏ పరీక్షలో నిలిచినదియు వైద్యుని అడుగు హక్కు రోగికి గలదు.

మరి ప్రభుత్వమువారినుండి మేము కోరునదేమి? మొదటిది దీపముకన్న పాతది. గడ్డ అంచును అప్పటికప్పుడే గడ్డకట్టించి, పలుచగా కోసి, సూక్ష్మదర్శినిక్రింద చూచి, రోగి బల్లమీద నుండగనే ఫలితము చెప్పు పద్ధతి నూరేండ్లకు పైబడి యున్నది. దానికి కావలసినది అరగంట కాలము, ఒక యంత్రము, నేర్పుగల పాథాలజిస్టు. నిజామాబాదులో 2013లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. అట్టి కళాశాలలున్న చోటనెల్ల క్యాన్సరు కోత జరుగు దినమున ఈ పని నడచి తీరవలెను. ఎచ్చట నడచుచున్నది, ఎచ్చట నడచుటలేదన్న పట్టిక ప్రజలముందుంచవలెను.

రెండవది రంగుమందు. ఇండోసయనిన్ గ్రీన్ అనునది మొదట కొడాక్ కంపెనీ ఛాయాచిత్రముల పనికై కల్పించినది. 1959నుండియు వైద్యమున వాడుకలో నున్నది. దానిపై నేడెవ్వరికిని గుత్తాధికారము లేదు. అది రోగకణమును వేరుచేసి చూపదు; కాని రోగము ముందుగా ప్రాకు గ్రంథులను చూపును, అతికిన పేగునకు రక్తము పారుచున్నదో లేదో చెప్పును. ఖరీదైనది మందు కాదు, దానిని చూచు కెమెరా. ఎరుపునకు ఆవలి కాంతిని పట్టు కెమెరాను చేయుట హైదరాబాదు నగరపు ప్రయోగశాలలకు అలవికాని పనియని మేము నమ్మజాలము. కాంతి చెదరుటలోని రహస్యమును 1928లో లోకమునకు చెప్పిన రామన్ బాల్యము విశాఖపట్టణమున గడచినది. ఆయన శిష్యుడు సూరి భగవంతము తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరయ్యెను. ఆ రామన్ కాంతితోనే మెదడుగడ్డ ముక్కను కొన్ని నిమిషములలో పరీక్షించు యంత్రమును 2017 నాటికి మిషిగన్‌వారు శస్త్రశాలలోనికి తెచ్చిరి. మనవారి విద్యతో పరులు చేసిన యంత్రమును పదింతల వెలకు కొనుట మనకు క్రొత్త కాదు గాని, ఇకనైన మానుకొనవచ్చును.

మూడవది వెల. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచిరి, సంతోషము. పెంచిన మొత్తములో, పరీక్షలకు నిలిచిన ఈ వెలుగుపద్ధతుల ఖర్చు రోగిమీద పడకుండ జూడవలెను. రెండవకోతకు పెట్టు ధనముతో పోల్చినచో ఇది యెంతయగునో ఆర్థికశాఖవారు లెక్కవేసి చూడవచ్చును. ఆ లెక్కలో వర్నినుండి రాజధానికి రెండుసార్లు పోయివచ్చు ఇద్దరి బస్సుచార్జీని, పోయిన బీడీల కూలిని గూడ కలుపుడని మా మనవి.