నేతయు అద్దకమును

మగ్గపు చప్పుడులో పుట్టి పెరిగిన మన షోలాపుర పద్మశాలి వాడలలో నేడొక వాదము వినవచ్చుచున్నది. “కోరిన బొమ్మను నిమిషములలో గుడ్డపై అద్దు యంత్రములు వచ్చినవి గదా, నేతలో బొమ్మ దింపు శ్రమ ఇక మనకేల?” అని కొందరందురు. “అద్దకమే నేత నోట మన్ను కొట్టినది” అని మరికొందరందురు. ఈ రెండును సగము నిజములే యని నా యభిప్రాయము.

అద్దకము తెలుగువారికి క్రొత్త గాదు. పెడనలో చెక్క అచ్చులతో కలంకారి అద్దుట నేటికిని గలదు. పిమ్మట తెరగుండ రంగు దింపు పద్ధతి వచ్చినది. అందు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క తెర కావలెను. ఇప్పటి కంప్యూటరు యంత్రమునకు అచ్చును తెరయు వలదు. అది రంగును నేరుగా చిమ్మును గనుక ఒకే చొక్కాకైనను కోరిన బొమ్మ వేయవచ్చును. కాగితమునుండి వేడితో దించు రంగు మాత్రము పాలియెస్టరుకు పట్టునే గాని నూలుపై నిలువదు.

మన చద్దరు మార్గము వేరు. 1804లో ఫ్రాన్సు దేశీయుడగు జకార్డు రూపొందించిన యంత్రమే దీనికి మూలము. గళ్ళ కాగితముపై నక్షా గీసి, గడిగడి లెక్కించి, అట్టలకు రంధ్రములు పొడుతురు. ఆ రంధ్రముల ననుసరించి పడుగు పోగులు లేచును. ఇట్లు బొమ్మ గుడ్డలోనే పుట్టును. రంగులు తారుమారై రెండవవైపునను కనబడును. అయితే ఒక్క చద్దరుకొరకు క్రొత్త అట్టలు కొట్టించుట గిట్టదు. కావున ఒక్కటి కోరువానికి అద్దకము, వందలు కోరువానికి నేత తగును. ఇందు వైరమెక్కడిది?

దోషము మోసములో నున్నది. పోచంపల్లిలో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగు వేయుదురు. ఆ బొమ్మలనే గుడ్డపై అద్ది, నేత చీరలని అమ్మువారు గలరు. మన చద్దరును టర్కీ తువాలును భౌగోళిక సూచికల చట్టము క్రింద నమోదైనవి. అద్దకమును అద్దకమని చెప్పి అమ్మినచో ఎవరికిని నష్టము లేదు.

ఇంతకన్న పెద్ద నష్టము మన చేతులలోనే జరుగుచున్నది. మా తాతగారు నక్షాలు గీసెడివారు. పువ్వును చూచిన ఎన్ని గళ్ళలో ఇముడునో చెప్పగలిగెడివారు. ఆయన మనుమడనైన నాకు పెన్సిలుతో తిన్నని తీగ గీయుట రాదు. చొక్కాపై బొమ్మ కావలసినచో ఎవరో గీసినదానిని ఏరుకొని దుకాణమునకు పంపుచున్నాను. మగ్గమైనను అద్దక యంత్రమైనను ఇచ్చిన బొమ్మనే దింపును. తనంతట తాను గీయదు.

మిత్రులారా! చిత్రలేఖనపు గంటను ఆటవిడుపుగా నెంచుచున్నాము. ఆ గంటలో వారమునకొక నక్షా గళ్ళ కాగితముపై గీయుదము. ఏడాది చివర మంచిదానిని మగ్గముపై నేయించి, దానినే గుడ్డపై అద్దించి, రెంటిని ప్రక్కప్రక్కన వ్రేలాడదీయుదము. అప్పుడు ఈ వాదమును మన పెద్దల యెదుటనే తీర్చుకొనవచ్చును.