మద్దెల నిజంగానే ఓడైతే?

‘ఆడలేక మద్దెల ఓడు’ అన్నంత సులభంగా మన నాలుక మీదికి వచ్చే సామెత మరొకటి లేదేమో! పనిముట్టు మొరాయించినదని ఎవడైనా మొరపెట్టుకొంటే చాలు, ఈ సామెత వాడి నెత్తిన పడుతుంది. దోషం సామెతలో లేదు, ప్రయోగించేవారిలో ఉన్నది. అందులో మొదటి మాట ‘ఆడలేక’. ఆడలేడని తేలిన పిమ్మట గదా తక్కిన మాటలకు అర్థం! మద్దెలను ఒక్కమారైనా తట్టి చూడక ఆడేవానికి శిక్ష వేయడం ఏ న్యాయం?

ఈ అన్యాయం ప్రాణాల మీదికి తెచ్చిన ఉదంతం ఒకటున్నది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యం బరువైన ఎం-14 రైఫిల్‌కు బదులుగా తేలికైన ఎం-16 రైఫిల్‌ను సైనికుల చేతికిచ్చినది. 1966, 1967 సంవత్సరాలలో ఆ కొత్త తుపాకులు పోరు నడుమ మొరాయించసాగినవి. కాల్చిన తూటా తాలూకు ఇత్తడి తొడుగు, తూటా కూర్చుండే అరలోనే బిగుసుకొని బయటికి రాదు. అది రానిదే మరొక తూటా లోనికి పోదు. శత్రువు కాల్పుల మధ్య సైనికుడు గొట్టం కొసనుండి కడ్డీ దూర్చి ఆ తొడుగును పొడిచి తీయవలసి వచ్చినది. ఆ కడ్డీ అయినా అందరి వద్దా లేదు!

వారు సహాయం అర్థించినారు. దొరికిన జవాబు: తుపాకిని మీరు శుభ్రంగా ఉంచుకొనడం లేదు, తప్పు మీదే. మన సామెత ఆ అధికారులకు తెలియదు గాని, భావం మాత్రం అదే.

నిజమేమిటి? ఆ తుపాకిని రూపొందించినప్పుడు వాడిన మందు ఒకటి. 1964లో అనుమతించిన గుండ్రని రేణువుల మందు మరొకటి. దీనివల్ల మసి ఎక్కువ పట్టినది, కాల్పుల వేగమూ హద్దు మీరినది. తూటా అరకు క్రోమియం పూత లేదు. ఆ దేశపు తేమకు లోపల తుప్పు పట్టి గుంటలు పడినవి. పైపెచ్చు, ఈ తుపాకికి పెద్దగా శుభ్రత అక్కరలేదన్న ప్రచారం! తుడవనక్కరలేదని చెప్పి, తుడుచుకొనే సామగ్రి చాలినంత ఇవ్వక, తుడవలేదని నిందించడం! ఇంతకన్న వింత తీర్పు ఉంటుందా?

సైనికులు ఇళ్లకు ఉత్తరాలు వ్రాసినారు. 1967 మే నెలలో ఒక మెరైన్ సైనికుని లేఖను అమెరికా ప్రతినిధుల సభలో చదివి వినిపించినారు. అదే ఏడు రిచర్డ్ ఇకార్డ్ అధ్యక్షతన ఉపసంఘం విచారణ జరిపినది. తూటాల లోపాలను సరిదిద్దకపోవడం నేరప్రాయమైన నిర్లక్ష్యానికి దాపుగా ఉన్నదని అక్టోబరులో నివేదిక ఇచ్చినది. పిమ్మట అరకు క్రోమియం పూత వేసినారు, కాల్పుల వేగాన్ని అదుపు చేసే భాగాన్ని మార్చినారు, శుభ్రపరిచే సామగ్రిని, శిక్షణను ఇచ్చినారు. మొరాయింపులు బాగా తగ్గినవి. ఆ తుపాకి వంశం నేటికీ వాడుకలో ఉన్నది. అయితే, చేతిలో పనిచేయని తుపాకితో ప్రాణాలు విడిచినవారికి ఆ నివేదికవల్ల ఏమి ఒరిగినది?

“అయ్యా, చాలమార్లు తప్పు వాడేవానిదే గదా?” అని అడుగవచ్చును. కావచ్చును. శుభ్రత అక్కరలేదని నేననను. కాని తప్పు ఎవరిదన్నది చూచిన తర్వాత తేలవలసిన విషయం, చూడకముందే చెప్పదగినది కాదు. “ఇరుక్కొన్నది, రావడం లేదు” అని ఒకడు వచ్చినప్పుడు అడుగదగిన ప్రశ్నలు ఇవి: ఏది ఇరుక్కొన్నది? ఎప్పటినుండి? ఈ మధ్య ఏమి మారినది? సైన్యంలో మారినది మందు. ఆ మూడవ ప్రశ్నను సకాలంలో అడిగి, జవాబును లెక్కచేసి ఉంటే ఎందరి ప్రాణాలో నిలిచేవి.

బడిలోనూ ఇంతే. లెక్క రాలేదన్న పిల్లవానిని మొద్దు అనడం తేలిక. వాని పుస్తకం తెరిచి, ఎక్కడ చిక్కుపడినాడో చూడడానికి ఓపిక కావలెను. ఆ ఓపిక లేనివారు ఈ సామెత జోలికి పోకుండుట మేలు. మద్దెలను తట్టి చూచి, అది బాగున్నదని తేల్చుకొన్నవారికే దానిని పలికే అధికారం ఉన్నదని నా మతం. విజ్ఞులు ఆలోచింతురు గాక.