ఆశకు వెలకట్టు వైద్యము

పరీక్ష ముగియకమునుపే మందునకు వెలకట్టి యమ్ముట వైద్యము కాదు, వర్తకము. మూలకణముల పేర నేడు జరుగుచున్న వ్యాపారమును గూర్చి ఇంతకంటె మెత్తగా చెప్పుట నాకు చేతకాదు.

శాస్త్రమును నేను నిందింపను. కాలి ధమనులు పూడుకొనిపోయి, రక్తము చాలక వ్రేళ్లు కుళ్లుచున్న రోగికి క్రొత్త నాళములను మొలపింపవలెననుట ఉత్తమ సంకల్పము. రక్తనాళముల లోపొరగా మారగల కణములు పెద్దవారి రక్తమునందును కలవని 1997లో అసహరా మున్నగు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 2002లో జపాను వైద్యులు రోగుల ఎముకమజ్జ నుండి తీసిన కణములను వారి కాలి కండరములలోని కెక్కించి, నొప్పి తగ్గినదనియు నడక పెరిగినదనియు వ్రాసిరి.

పిమ్మట నేమైనది? నెదర్లాండ్సులో 160 మంది రోగులను రెండు తెగలు చేసి, ఒక తెగకు మజ్జకణములను, రెండవదానికి అవి లేని ద్రవమును ధమనిలోని కెక్కించిరి. ఎవరికేది యెక్కినదో రోగికిని తెలియదు, వైద్యునికిని తెలియదు. 2015లో ఫలితము వెలువడెను. కణములెక్కిన తెగలో కాలు తీసివేయవలసి వచ్చినవారి సంఖ్య తగ్గలేదు. నొప్పి తగ్గుట మాత్రము రెండు తెగలందును కనబడెను! కావున “మా బావగారికి గుణమిచ్చినది” అను మాట సాక్ష్యము కానేరదు.

అట్లయిన కణచికిత్స యంతయు వ్యర్థమా యందురేమో. కాదు. రక్తము చాలని కాళ్లకై బెంగుళూరు సంస్థ యొకటి సిద్ధపరచిన కణౌషధమునకు, పరీక్షల పిమ్మట, 2020లో మన దేశమున అనుమతి లభించెను. ఇదియే రాజమార్గము: ముందు పరీక్ష, పిదప అనుమతి, ఆపైన వెల. పరీక్షలో చేరిన రోగివద్ద సొమ్ము తీసికొనరాదను నియమమును కలదు. మరి అనుమతి లేని కణములకు లక్షలడుగువారి నేమనవలెను? ఆపదలోనున్నవాడు అడిగినదెల్ల ఇచ్చును. ఇచ్చుట వాని తప్పు కాదు, అడుగుటయే తప్పు.

మరియొక మాట. కాళ్లను బలిగొను బర్జరు వ్యాధి దాదాపుగా పొగాకు వాడువారికే వచ్చును. పొగాకును పూర్తిగా విడుచుటయే దాని నాపు మార్గము. చుట్ట విడువక చేనమ్మి కణములు కొనుట చిల్లికుండలో నీరు పోయుటయే.

చదువరులారా! సొమ్ము కట్టకమునుపు రెండే ప్రశ్న లడుగుడు. ఈ రోగమునకు ఈ మందు వాడ అనుమతి యున్నదా? ఇది పరీక్షయే యైనచో సొమ్మేల? ఈ రెండింటికి కాగితముమీద జవాబు వ్రాసి యీయని వైద్యుని గడప వెంటనే దిగి రండు.