గడపకు పసుపు మనం, బేరానికి వాళ్లా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ పని ఆడవాళ్లది కాబట్టి కాబోలు, దానికి సామెత పుట్టలేదు. "ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అని ఒకటుంది గానీ, దాన్ని మన పని మెచ్చుకోవడానికి వాడినవాళ్లు తక్కువ, తప్పు పట్టడానికి వాడినవాళ్లే ఎక్కువ.

మాది శిరివెళ్ల. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఉంటుంది. మా వైపు పాత ఇళ్లంటే మట్టి మిద్దెలే. కొయ్య స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన కట్టెలో నాపరాళ్లో పరిచి చవుడు కప్పిన కప్పు. గోడలు రాయీ మట్టీ అయినా కప్పు బరువు మోసేది ముఖ్యంగా కొయ్యే. తూర్పున నల్లమల ఉంది కాబట్టి టేకు, మద్ది, ఏగిస లాంటి గట్టి కర్రకు ఆ రోజుల్లో కొదవలేదు. ఇంటికి బయటవైపు కనిపించే కొయ్య అంటే తలవాకిలి, ద్వారబంధం, గడప, పంచలో స్తంభాలు, కిటికీలు, చూరు కిందికి వచ్చిన దూలం మొనలు. ఎండా వానా ముందు తగిలేది వీటికే.

వీటిని కనిపెట్టుకుని ఉండేది ఎవరు? గడప కడిగేది, తలుపు సందుల్లో దుమ్ము తీసేది, స్తంభం మొదట్లో చెదల మట్టి కనిపిస్తే చీపురుతో దులిపేది, వానాకాలం వాకిలి బిగుసుకుంటే "కాస్త చూడండి" అని పదిసార్లు మొత్తుకునేది మనమే. మరి ఆ వాకిలికి వెల కట్టేటప్పుడు మనల్ని పిలుస్తున్నారా?

పాత తలుపులు, స్తంభాలు కొనేవాళ్లు మా వీధికీ వస్తుంటారు. అరుగు మీద మగవాళ్లతో మాట కలుపుతారు. "పాత కొయ్య ఇంకెన్నాళ్లుంటాదిలే అన్నా, ఇచ్చేయ్. ఇనప తలుపు బిగించి పైన దుడ్లు కూడా ఇస్తా" అంటారు. లోపల మనం పొయ్యి దగ్గర ఉండగానే బేరం కుదిరిపోతుంది. ఇలా మన పల్లెల్లో ఊడబెరికిన తలుపులే నగరాల్లో అలంకారం సామాన్ల దుకాణాలకు చేరతాయి. తమిళనాడులో కారైకుడి పాత ఇళ్ల కొయ్య సామానుకు పేరున్న అంగడి. పనికిరాని కొయ్య అయితే అంత దూరం ఎవరు మోసుకుపోతారు? దానిలో చేవ ఉందని కొనేవాడికి తెలుసు. తెలియనిది మనింట్లో వాళ్లకే.

"చెడిపోయింది కదా, అందుకే అమ్మాం" అంటారు. సరే, ఎందుకు చెడిపోయిందో చూద్దాం. కొయ్య తడిస్తే చెడదు, తడిసి ఆరకపోతే చెడుతుంది. మనవాళ్లు చేసే హంగులు చాలావరకు ఆ తడిని ఆరనివ్వనివే.

మొదటిది రంగు. పండగ వస్తే చాలు తలుపు మీద ఎనామిల్ పెయింటు. పాత పొర గీకకుండా దాని మీదే ఇంకో పొర. మా దగ్గర ఎండాకాలం ఎండ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఆ ఎండకు రంగు పగులుతుంది. పగుళ్లలోంచి వాన నీరు లోపలికి దిగుతుంది గానీ బయటికి రావడానికి దారి ఉండదు. పైకి నిగనిగలాడుతూ లోపల పుచ్చిపోతుంది. గడపకు పసుపు రంగు పెయింటు కొట్టి, ఎర్రటి చుక్కలు పెట్టేసే పద్ధతీ అలాంటిదే. వారం వారం పని తప్పుతుందని మనమూ సంబరపడతాం. కానీ నీళ్లు ఎక్కువగా పడే చోట గాలాడకుండా మూత వేసినట్టే అవుతుంది.

రెండోది నేల. పాతకాలం వాళ్లు స్తంభాన్ని మట్టిలో పాతలేదు, రాతి దిమ్మ మీద నిలబెట్టారు. నార్వే దేశంలో 12వ శతాబ్దం నాటి కొయ్య చర్చీలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడా అంతకు ముందు నేలలో పాతిన స్తంభాలు కుళ్లిపోయాయి, రాతి పునాది మీద నిలబెట్టినవి నిలిచాయి. వాటి గోడలకు నేటికీ పైన్ చెట్టు తారు పూస్తూనే ఉంటారు. మన దగ్గర మాత్రం టైల్స్ మోజులో పంచ నేల ఎత్తు పెంచి దిమ్మను పూడ్చేస్తున్నాం. బయట సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేస్తే వీధి గడపకన్నా ఎత్తవుతుంది. వాన నీరు నేరుగా ద్వారబంధం మొదట్లో నిలుస్తుంది. ఆ కొయ్య కుళ్లితే తప్పు కొయ్యదా?

మరేం చేయాలంటారా? పెద్ద విద్యేం కాదు. గడప మీద బిందెలతో నీళ్లు గుమ్మరించే బదులు తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఆ తర్వాత పసుపు రాయండి. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు కొయ్య బాగా ఆరి ఉంటుంది. అప్పుడు పాత రంగు గీకించి, ఉడికించిన అవిసె నూనె, అదే దుకాణాల్లో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అంటారు, పలచగా గుడ్డతో పట్టించండి. పావుగంటయ్యాక పీల్చుకోకుండా మిగిలినదాన్ని తుడిచేయాలి, లేకపోతే జిడ్డు కట్టి దుమ్ము పడుతుంది. ఆముదం వాడొద్దు, అది ఆరదు. పడమటి ఎండ తగిలే తలుపుకు వానలు వెళ్లాక మరోసారి పట్టిస్తే మంచిది.

ఒక్క జాగ్రత్త. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా ఆరుబయట పరచండి, లేదా నీళ్లలో ముంచేయండి.

వానాకాలంలో వాకిలి బిగిసిందని వెంటనే చిత్రిక పట్టించకండి. ఎండాకాలం వచ్చేసరికి కొయ్య కుంచించుకుని వేలు పట్టేంత సందు వస్తుంది. స్తంభం మొదలు మెత్తబడితే మొత్తం పీకేయనక్కర్లేదు. కప్పుకు పోటు పెట్టి, చెడిన మేరకు కోసి గట్టి చెక్క అతికే వడ్రంగులు ఇంకా ఉన్నారు. చెదల మట్టి చారలు కనిపిస్తే దులిపి ఊరుకోకుండా మందు వేయించాలి. మిద్దె మీద చవుడు కొత్తది పోసేముందు పాతది కొంత గీకి తీయాలి. లేకపోతే ఏటేటా బరువు పెరిగి దూలాలు వంగుతాయి.

వీటిలో ఖర్చున్నవి కొన్నే. ఆ కొన్నింటికే చేతులు రావు. పండక్కి సున్నానికి డబ్బు తీస్తారు, నలుగురికీ కనిపిస్తుంది కాబట్టి. నూనె డబ్బాకు అడిగితే "ఇప్పుడెందుకు?" అంటారు. పదేళ్లు అలా అని, పదకొండో ఏడు "పుచ్చిపోయింది, అమ్మేద్దాం" అంటారు.

చట్టమూ చాలాకాలం ఇంటి విషయంలో మనల్ని గడప బయటే నిలబెట్టింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగవారసులు పంచుకుంటే తప్ప ఆడవారసులు పంచమని అడగడానికి లేదు. 1986లో మన రాష్ట్రం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ సవరణ తెచ్చినా ఆ సెక్షన్ అలాగే ఉండిపోయింది. 2005లో గానీ పోలేదు. కోడలికి అదే ఏడు వచ్చిన గృహహింస చట్టం ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. ఉండే హక్కు సరే, ఆ ఇంటి తలుపు గురించి మాట్లాడే హక్కు కోసం కూడా కోర్టుకు పోవాలా?

పాత మిద్దెలన్నీ ఉంచుకోవాలని నేననను. చీకటి గదులు, పైనుంచి రాలే మన్ను, తేళ్లు, ఇంట్లో స్నానాల గది లేకపోవడం, ఈ బాధలన్నీ పడింది కూడా మనమే. కొత్త ఇల్లు కావాలనుకునే ఆడవాళ్లను నేను తప్పు పట్టను. మట్టి కప్పు కింద మే నెల మధ్యాహ్నం ఎంత చల్లగా ఉంటుందో, కాంక్రీటు కింద ఎంత ఉడుకుతుందో తెలిసినవాళ్లు వద్దన్నా తప్పు పట్టను. ఉంచాలో తీయాలో ఆ ఇంట్లో రోజంతా ఉండే మనిషిని అడిగి తేల్చమంటున్నాను.

కాబట్టి ఈ ఏడు సున్నం లెక్కల్లోనే కొయ్య నూనెకూ వడ్రంగి కూలికీ ఒక పద్దు రాయించండి. అరుగు మీద బేరగాడి గొంతు వినిపిస్తే పొయ్యి తగ్గించి బయటికి రండి. "ఈ వాకిలి సంగతి నాకు తెలుసు, నాతో మాట్లాడండి" అనండి. అమ్మినా, ఉంచినా, ఆ మాట మన నోటి నుంచి కూడా రావాలి.