హుస్సేన్ సాగర్ బోట్లకు బ్యాటరీ మోటారు: భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట



హుస్సేన్ సాగర్‌లో పర్యాటక బోట్లకు ఇంజిన్లు తీసేసి బ్యాటరీ మోటార్లు పెట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా రెండు అభ్యంతరాలు వినపడతాయి. నడి నీళ్లలో చార్జింగ్ అయిపోతే ఏం గతి? బ్యాటరీ అంటుకుంటే ఎటు దూకాలి? అమీర్‌పేటలో మోటార్ వైండింగ్ షాపు నడుపుకుంటూ, పంజాగుట్టలో కాపురముంటున్నవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను. మొదటి భయానికి ఆధారం లేదు. రెండోదానికి ఉంది గానీ, దానికి మందు కూడా ఉంది.

ముందు చార్జింగ్ సంగతి. లుంబినీ పార్కు జెట్టీ నుంచి బుద్ధ విగ్రహం కిలోమీటరు కూడా ఉండదు. లాంచీ నింపాదిగా పోతుంది, బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది, తర్వాతి ట్రిప్పు దాకా ఖాళీగా నిలబడుతుంది. బ్యాటరీకి ఇంతకన్నా తేలికైన డ్యూటీ దొరకదు. నీటి మీద వేగం రెట్టింపు కావాలంటే పవర్ సుమారు ఎనిమిది రెట్లు పెట్టాలి. అందుకే స్పీడ్ బోటును బ్యాటరీతో తిప్పడం ఖరీదు, మెల్లగా పోయే లాంచీని తిప్పడం సులువు.

కేరళలో వైకోం, తవణకడవు రేవుల మధ్య ‘ఆదిత్య’ అనే సోలార్ ఫెర్రీ 2017 జనవరి నుంచి నడుస్తోంది. 75 మంది ఎక్కే ఆ పడవను లాగేది 20 కిలోవాట్ల మోటార్లు రెండే. 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలో వంద మంది పట్టే బోట్లు రేవు దగ్గర పది, పదిహేను నిమిషాల్లో చార్జింగ్ చేసుకుంటాయి. అక్కడివాళ్లు ఆ పడవల మీదే రోజువారీ పనులకు పోతుంటే, సెలవునాడు బుద్ధుడి దాకా పోయి రావడానికి మనకు సాధ్యం కాదంటే నమ్మబుద్ధి కాదు.

అలాగని పాపికొండల యాత్రకు ఇవాళే బ్యాటరీ లాంచీ పెట్టమని నేననను. అది రోజంతా సాగే ప్రయాణం, ఒకవైపు ఏటికి ఎదురీత, దారిలో చార్జింగ్ ఉండదు. నాలా పొంగి బస్తీలు మునిగిన రోజు దిగే సహాయక బోట్లకూ వద్దు. ఎన్ని గంటలు తిరగాలో ముందే తెలియని చోట డబ్బాలో పెట్రోలే దిక్కు.

ఇక భద్రత. జనం భయం ఊరికే పుట్టలేదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు రేగి ఎనిమిది మంది చనిపోయారు. నార్వేలో 2019 అక్టోబరులో ఒక ఫెర్రీ బ్యాటరీ గదికి నిప్పంటుకుంటే, మర్నాడు లోపల పోగైన గ్యాసు పేలింది. అయితే మన దగ్గర జరిగినవి కూడా చూడండి. 2025 జనవరి 26 రాత్రి సాగర్‌లో బోట్లు తగలబడి ప్రాణాలు పోయింది వాటి మీదికెక్కించిన బాణసంచా వల్ల. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ట’ మునిగింది వరద గోదావరిలోకి లాంచీని వదిలినందుకు. మోటారు మార్చినంత మాత్రాన అలాంటివి ఆగవు. వాటిని ఆపడానికి వేరే క్రమశిక్షణ కావాలి.

కరెంటు బోటుకు కావలసిన జాగ్రత్తలు వేరు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది జెట్టీ. ఉప్పు లేని నీటికన్నా మనిషి ఒళ్లు కరెంటును బాగా పారనిస్తుంది. చెరువులో కరెంటు లీకైతే, నీళ్లలో ఉన్న మనిషి ఒంట్లోంచే దారి చేసుకుంటుంది. కండరాలు బిగుసుకుపోయి గజ ఈతగాడైనా మునిగిపోతాడు. బోటులోని డీసీ 48 వోల్టులదైతే, దానికన్నా జెట్టీ మీది 230 వోల్టుల చార్జింగ్ లైనుతోనే ఎక్కువ ముప్పు. సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ బ్రేకర్ లేనిదే అక్కడ చార్జర్ బిగించకూడదు. జనం బోటులో ఉండగా ప్లగ్గు పెట్టకూడదు.

తర్వాతిది సాగర్ నీరు. మా ఇళ్ల పక్కనుంచి పోయే నాలాలు చేరేది అందులోకే. అక్కడొచ్చే కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది రాగిని తినేస్తుంది. అలా నల్లబడిన టెర్మినల్ విప్పి చూస్తే తీగ చివర పొడిపొడిగా రాలుతుంది. కాంటాక్టు చెడితే వేడి పుడుతుంది, ఇన్సులేషన్ కరుగుతుంది, నిప్పు అక్కడే రాజుకుంటుంది. కాబట్టి తగరం పూత ఉన్న కేబుళ్లు, నీరు చొరని కనెక్టర్లు, నెలనెలా టెర్మినళ్ల తనిఖీ తప్పనిసరి. గుర్రపు డెక్కో, నిమజ్జనం తర్వాత మిగిలిన గుడ్డలో తాళ్లో పడవ ఫ్యానుకు చుట్టుకుంటే ఇంజినైతే ఆగిపోతుంది. కరెంటు మోటారు ఆగినా కరెంటు లాగుతూనే ఉంటుంది, వైండింగ్ మాడిపోతుంది. కంట్రోలర్ వెంటనే కట్ చేయాలి. సరంగు చేతికందేలా మెయిన్ స్విచ్ ఉండాలి.

చివరిది, పాత లాంచీలో ఇంజిన్ పీకేసి చవక బ్యాటరీలు పేర్చే పని. దానికి ఒప్పుకోవద్దు. బరువు మారితే పడవ నిలకడ మారుతుంది. తేలిగ్గా అంటుకోని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ వాడాలి. సీల్ చేసిన పెట్టెలో, గ్యాసు బయటికి పోయే గొట్టంతో, ప్రయాణికుల సీట్లకు దూరంగా వాటిని అమర్చాలి. 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం సర్వే చేయించాకే జనాన్ని ఎక్కించాలి.

దేశంలోని లోతట్టు జలమార్గాల ప్రయాణికుల పడవల్లో సగం పదేళ్లలో, 2045 నాటికి అన్నీ హరిత ఇంధనాలకు మారాలని కేంద్రం 2024 జనవరిలో ‘హరిత్ నౌక’ మార్గదర్శకాలిచ్చింది. ఎటూ మారక తప్పనప్పుడు, నేర్చుకోవడానికి సాగర్‌కన్నా అనువైన చోటు లేదు. పర్యాటక శాఖ బుద్ధ విగ్రహం రూటులో ముందు ఒక్క బోటుతో మొదలుపెట్టాలి. ఎన్ని యూనిట్లు కాలాయి, ఎన్నిసార్లు ఆగింది, ఏ రిపేరు వచ్చింది అన్నది ప్రతి నెలా టికెట్ కౌంటర్ దగ్గర బోర్డు మీద రాసిపెట్టాలి. ఏడాది లెక్క చూశాక రెండో బోటు కొనాలో వద్దో తేల్చుకోవచ్చు.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ మెకానిక్,
పంజాగుట్ట, హైదరాబాద్