తూటాలు నింపుడు కాదు, లైసెన్స్ అడుగుదాం

రాత్రి అడవిపందులు పడి అర్ధెకరం వరి పొర్లిచ్చి పోయినయి. పొద్దున ఒడ్డు మీద నిలబడితే కడుపు మండింది.

పక్క చేను పిలగాడు ఫోన్ల వీడియో చూపెట్టిండు. అమెరికాల కాల్చిన రైఫిల్ తూటాలను ఇంట్లనే మళ్ల నింపుకుంటరట. "మనం గూడ మొదలువెడదామే పెద్దనాయనా" అంటడు. అరె బిడ్డా, అక్కడ చెల్లుతది. ఇక్కడ లైసెన్స్ లేకుండ తూటా తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత తక్కువల తక్కువ ఏడేండ్ల జైలు. పంది మీది కోపానికి పెండ్లాం పిల్లలను ఆగం జేస్తవా?

మరి సర్కారు? 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ల, పంట కాపాడుకునే రైతుకు మందు కూరే తుపాకి లైసెన్స్ ఇయ్యాలని రాసే ఉన్నది. పందిని కాల్చాలంటే అటవీశాఖ అనుమతి వేరే, అది గూడ అడుగుదాం. నేను దరఖాస్తు వట్టుకపోతే ఆఫీసుల "గసోంటిది ఉన్నదా?" అని నన్నే అడిగిన్రు!

సోమవారం ప్రజావాణికి ఆ సెక్షన్ జిరాక్స్ తీస్కొని భువనగిరి పోతున్న. ఎవలెవలు వస్తరో కింద రాయుర్రి.